చిన్న తరహా జలవిద్యుత్తు

వాగులు, సెలయేళ్లు, సాగునీటి కాలువల వంటి నీటి వనరుల మీద, పెద్ద జలాశయం కట్టకుండా గాని ఉన్న కట్టడాన్నే వాడుకుని గాని చేసే విద్యుదుత్పత్తిని చిన్న తరహా జలవిద్యుత్తు అంటారు. తెలుగు వాడుకలో మినీ హైడల్ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. భారతదేశంలో 25 మెగావాట్ల దాకా సామర్థ్యం ఉన్న కేంద్రాలన్నీ ఈ కోవలోకి వస్తాయి. పెద్ద ఆనకట్టలతో పోలిస్తే ముంపు, నిర్వాసితుల సమస్య వీటిలో బాగా తక్కువ. అయితే కేంద్రం చిన్నదైనంత మాత్రాన నదికి హాని ఉండదని చెప్పలేం. ఏడాదిలో ఎన్ని రోజులు సరిపడా నీరు ఉంటుంది, అందులో వాగుకు వదిలేది ఎంత, తయారైన కరెంటును ఎవరు ఏ ధరకు కొంటారు అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబులను బట్టే ఒక మినీ హైడల్ నిలబడడమో మూతపడడమో జరుగుతుంది.

నిర్వచనం, వర్గీకరణ

భారతదేశంలో 100 కిలోవాట్ల వరకు మైక్రో, అక్కడి నుంచి 2 మెగావాట్ల వరకు మినీ, ఆపైన 25 మెగావాట్ల వరకు స్మాల్ హైడ్రో అని విభజించారు. ఒకటి రెండు ఇళ్లకు సరిపోయే, సుమారు 5 కిలోవాట్ల లోపు యంత్రాలను పికో అంటారు. ఈ హద్దులు అన్ని దేశాలలో ఒకేలా లేవు. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తన ప్రపంచ నివేదికలలో 10 మెగావాట్లను ప్రమాణంగా తీసుకుంటే, చైనా 50 మెగావాట్ల దాకా చిన్నవిగానే లెక్కిస్తుంది.

మన దేశంలోనూ ఈ గీత మారుతూ వచ్చింది. మొదట 3 మెగావాట్ల లోపు కేంద్రాలే సంప్రదాయేతర ఇంధన శాఖ పరిధిలో ఉండేవి. 1999 నవంబరులో ఆ పరిధిని 25 మెగావాట్లకు పెంచారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనలోనూ 25 మెగావాట్లనే హద్దుగా పెట్టి, అంతకు తక్కువ సామర్థ్యం ఉన్న జలవిద్యుత్ కేంద్రాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కరలేదన్నారు. పరిపాలన సౌలభ్యం కోసం గీసిన గీతే కాలక్రమంలో ‘హానిలేనిది’ అనే ముద్ర అయిపోవడం తర్వాతి వివాదాలకు మూలం.

పనిచేసే తీరు

ఎంత నీరు, ఎంత ఎత్తు నుంచి పడుతుందన్న దాన్ని బట్టి కరెంటు వస్తుంది. సెకనుకు పారే నీటిని ఘనపు మీటర్లలోను, నీరు పడే ఎత్తును మీటర్లలోను తీసుకుని, రెండింటినీ హెచ్చించి, 9.81తోను యంత్రాల సామర్థ్య నిష్పత్తితోను గుణిస్తే కిలోవాట్ల లెక్క తేలుతుంది. ఈ ఎత్తునే ఇంజనీర్లు హెడ్ అంటారు. కొండవాగు నుంచి సెకనుకు 50 లీటర్ల నీటిని 60 మీటర్ల కిందికి గొట్టంలో దింపారనుకుందాం. యంత్రాల సామర్థ్యం 60 శాతమైతే దాదాపు 17.7 కిలోవాట్లు వస్తాయి. ఒక చిన్న కొండపల్లెలో దీపాలకు, పిండిమరకు అవి చాలు. సాగునీటి కాలువ మీద 3 మీటర్ల డ్రాపు (కాలువ నీరు మెట్టులా కిందికి దూకే చోటు) దగ్గర సెకనుకు 20 ఘనపు మీటర్లు, అంటే సుమారు 700 క్యూసెక్కులు పారుతుంటే, 80 శాతం సామర్థ్యంతో సుమారు 470 కిలోవాట్లు వస్తాయి. కొండల్లో ఎత్తు ఎక్కువ, నీరు తక్కువ. డెల్టాలో నీరు ఎక్కువ, ఎత్తు తక్కువ. యంత్రాల ఎంపిక ఈ తేడాను బట్టే జరుగుతుంది.

కొండప్రాంతపు కేంద్రంలో వాగుకు అడ్డంగా చిన్న మత్తడి కట్టి నీటిని పక్కకు మళ్లిస్తారు. ఆ నీరు కొండ అంచు వెంబడి కాలువలో సాగి, ఇసుక దిగే తొట్టిని దాటి, ఫోర్‌బే అనే చిన్న కుండీకి చేరుతుంది. అక్కడి నుంచి పెన్‌స్టాక్ గొట్టంలో కిందికి దూకి టర్బైనును తిప్పి, మళ్లీ వాగులో కలుస్తుంది. నీరు నిలవ చేయరు గనుక దీన్ని ప్రవాహాధారిత పద్ధతి అంటారు. వినడానికి తేలికైన ఈ ఏర్పాటులో రోజువారీ పని ఎక్కువగా కుండీ దగ్గరే ఉంటుంది. వానాకాలంలో ఆకులు, కొమ్మలు, గడ్డి కొట్టుకొచ్చి గొట్టం ముందున్న ఇనుప ఊచల జాలీకి అడ్డం పడతాయి. నడిపే మనిషి దంతెతో వాటిని లాగి పడేయకపోతే గొట్టంలోకి నీరు తగ్గి ఉత్పత్తి పడిపోతుంది. ఇసుక తొట్టిని వేళకు కడగకపోతే సన్నటి ఇసుక రేణువులు టర్బైను రెక్కలను అరగదీస్తాయి. హిమాలయ నదులలో ఈ అరుగుదల మరీ ఎక్కువ.

ఎక్కువ హెడ్ ఉన్నచోట, 1880లో లెస్టర్ పెల్టన్ పేటెంటు పొందిన పెల్టన్ చక్రం వాడతారు. నడిమి ఎత్తులకు ఫ్రాన్సిస్, తక్కువ ఎత్తు నుంచి ఎక్కువ నీరు పడే కాలువలకు కాప్లాన్ రకం సరిపోతాయి. ఊరి వర్క్‌షాపులో కూడా ఇనుప రేకులు కోసి వెల్డింగు చేసుకోగలిగిన క్రాస్‌ఫ్లో టర్బైను మైక్రో కేంద్రాలకు బాగా అచ్చివచ్చింది. నీళ్ల పంపునే తిరగేసి టర్బైనుగా వాడే పద్ధతి కూడా ఉంది. తక్కువ ఎత్తులో నెమ్మదిగా తిరిగే ఆర్కిమిడీస్ మరకు ఐరోపాలో ఆదరణ పెరగడానికి ఒక కారణం, చేపలు దానిలోంచి చాలావరకు దెబ్బతినకుండా దాటగలగడం.

గ్రిడ్‌తో సంబంధం లేని ఊరి కేంద్రంలో వాడకం నిలకడగా ఉండదు. అందరూ ఒక్కసారి దీపాలార్పితే లోడు తగ్గి జనరేటరు వేగం పెరిగిపోతుంది. అప్పుడు మిగులు కరెంటును నీటిలో ముంచిన హీటర్లకు మళ్లించే ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలరు వచ్చాక, వేగాన్ని అదుపు చేసే ఖరీదైన గవర్నరు పరికరం లేకుండానే చిన్న కేంద్రాలను నడపడం వీలైంది.

చరిత్ర

జలవిద్యుత్తు మొదలైందే చిన్న తరహాలో. 1878లో ఇంగ్లండులోని క్రాగ్‌సైడ్ భవనంలో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ నీటి బలంతో దీపం వెలిగించాడు. 1882 సెప్టెంబరు 30న అమెరికాలోని ఆపిల్టన్‌లో సుమారు 12.5 కిలోవాట్ల కేంద్రం నడక మొదలుపెట్టింది. భారతదేశపు తొలి జలవిద్యుత్ కేంద్రం డార్జిలింగ్ దగ్గరి సిద్రాపాంగ్‌లో 1897 నవంబరు 10న ప్రారంభమైంది. 65 కిలోవాట్ల యంత్రాలు రెండింటితో, మొత్తం 130 కిలోవాట్లతో డార్జిలింగ్ పురపాలక సంఘం వీధి దీపాలు వెలిగాయి. 1902లో కావేరి మీద శివనసముద్రం కేంద్రం కోలారు బంగారు గనులకు కరెంటు పంపింది. నేపాల్‌లో 1911లో 500 కిలోవాట్ల ఫర్పింగ్ కేంద్రం మొదలైంది.

ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలంలో పెద్ద ఆనకట్టలు, పొడవాటి లైన్లు రావడంతో చిన్న కేంద్రాలు వెనకబడ్డాయి. 1970లలో చమురు ధరలు భగ్గుమన్నాక వీటి మీదికి మళ్లీ చూపు మళ్లింది. 1978 నాటి అమెరికా చట్టం ఒకటి, చిన్న ఉత్పత్తిదారుల కరెంటును కొనడం విద్యుత్ సంస్థల విధిగా చేసింది. భారతదేశంలో 1982లో రూర్కీ విశ్వవిద్యాలయంలో ప్రత్యామ్నాయ జలశక్తి కేంద్రం ఏర్పడింది. దేశమంతటా అనువైన స్థలాల గుర్తింపు, ప్రమాణాల తయారీ దాని చేతుల మీదుగా సాగాయి. దాని 2016 నాటి లెక్కలో 7,133 స్థలాలలో సుమారు 21,135 మెగావాట్లకు అవకాశం ఉందని తేలింది. ఇప్పటికి స్థాపించినది అందులో దాదాపు నాలుగో వంతు. స్థాపిత సామర్థ్యంలో కర్ణాటక ముందుంది.

పథకం తయారీ

మొదటి పని నీటిని కొలవడం. బాగా చిన్న ధారైతే డబ్బా పట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూస్తారు. కొంచెం పెద్ద వాగైతే చెక్కపలకలో ‘వి’ ఆకారపు గాటు పెట్టి దాని మీద నుంచి పొర్లే నీటి మట్టాన్ని బట్టి లెక్కిస్తారు. రాళ్ల మధ్య ఎగిరిపడే కొండవాగులో తూచిన ఉప్పును కరిగించి పోసి, దిగువన నీటి విద్యుద్వాహకత ఎంత పెరిగిందో చూసి ప్రవాహాన్ని లెక్కకడతారు.

ఒక్కసారి కొలిస్తే సరిపోదు. భాద్రపదంలో పొంగే వాగు వైశాఖంలో పాయలా మిగులుతుంది. ఏడాదిలో ఎన్ని రోజులు ఎంత నీరు ఉంటుందో చూపే ప్రవాహ వ్యవధి రేఖ ఏళ్ల తరబడి కొలతలుంటేనే నమ్మదగినదిగా వస్తుంది. చాలా వాగులకు అలాంటి కొలతలుండవు. వాన లెక్కల నుంచో, పక్క లోయ వాగు నుంచో ఊహించి వేస్తారు. పెద్ద యంత్రం పెడితే వానాకాలపు నీరు వృథా పోదు గాని, మిగతా ఏడాది అది ఖాళీగా ఉంటుంది. చిన్నది పెడితే దాదాపు ఏడాదంతా తిరుగుతుంది గాని, వరద నీరు పక్కనుంచి పోతుంది.

తర్వాత భూమి, అటవీ అనుమతులు, నీటి వాడకపు ఒప్పందం, సబ్‌స్టేషన్ దాకా లైను, సవివర నివేదిక వరసగా వస్తాయి. ఈ పనులలో చాలావాటి ఖర్చు కేంద్రం సైజును బట్టి తగ్గదు. అర మెగావాటుకైనా, పది మెగావాట్లకైనా సర్వే చేయాలి, కాగితాలు కదలాలి, లైను వేయాలి. అందుకే కిలోవాటుకు అయ్యే ఖర్చు చిన్న కేంద్రాలలోనే ఎక్కువ పడుతుంది.

పర్యావరణ ప్రభావం

ప్రవాహాధారిత కేంద్రం నీటిని తాగేయదు, తిరిగి వాగులోనే వదులుతుంది. కాని మత్తడికీ పవర్‌హౌస్‌కూ నడుమ వాగు తన నీటిని పోగొట్టుకుంటుంది. ఆ భాగం వందల మీటర్లు ఉండొచ్చు, కిలోమీటర్లూ ఉండొచ్చు. ఎండాకాలంలో అక్కడ నీరు వెచ్చబడుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు ఎగువకూ దిగువకూ తిరగలేవు. పడమటి కనుమల వాగులలో జరిగిన పరిశోధన ఇలా ఎండిన భాగాలలో చేపల జాతుల కూర్పు మారుతున్నట్టు గమనించింది. హిమాచల్ ప్రదేశ్‌లో పొలాలకు నీళ్లు తెచ్చే కూల్ అనే కాలువలు, ఘరాట్ అనే నీటి మరలు ఆ వాగుల మీదే ఆధారపడి ఉండడంతో చంబా జిల్లా హుల్ వాగు వంటి చోట్ల ఊళ్లవాళ్లు ప్రాజెక్టును ఎదిరించారు.

ఒకే వాగు మీద వరసగా కేంద్రాలు కడితే ఒక్కొక్కటి చిన్నదే అయినా మొత్తం ప్రభావం పెద్దదవుతుంది. విడివిడిగా చూసే అనుమతుల పద్ధతికి ఇది కనిపించదు. కర్ణాటకలో 24.75 మెగావాట్ల చొప్పున పక్కపక్కనే రెండు ప్రాజెక్టులు చూపడం 25 మెగావాట్ల హద్దును తప్పించుకోవడానికేనన్న విమర్శలు వచ్చాయి. చైనాలో యాంగ్జీ నదీ ప్రాంతంలో వేలాదిగా కట్టిన చిన్న కేంద్రాల వల్ల 333 నదులు అక్కడక్కడ ఎండిపోయాయని 2018లో ప్రభుత్వ ఆడిట్ తేల్చింది. ఆ తర్వాత చాలా కేంద్రాలను మూయించే, దిద్దించే కార్యక్రమం చేపట్టారు.

దీనికి ప్రధాన విరుగుడు, వాగుకు తప్పనిసరిగా వదలవలసిన కనీస ప్రవాహం. 2017 ఆగస్టులో జాతీయ హరిత ట్రిబ్యునల్, నీరు తక్కువగా ఉండే కాలపు సగటు ప్రవాహంలో 15 నుంచి 20 శాతం నదులలో ఉండేలా చూడాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2018 అక్టోబరులో ఎగువ గంగకు జారీచేసిన ప్రకటన రుతువును బట్టి 20, 25, 30 శాతాలుగా నిర్ణయించింది. వదిలిన ప్రతి లీటరూ ఉత్పత్తిలో కోతే కాబట్టి, ఈ నియమాన్ని నడిపేవారి ఇష్టానికి వదిలేస్తే అమలు కావడం కష్టం. గేటు మూసినా ఆగని విధంగా మత్తడిలోనే తూము పెట్టడం, ప్రవాహాన్ని నమోదు చేసే మీటరు బిగించడం మెరుగైన పద్ధతులు.

అమెరికాలో 1999లో ఏర్పడిన లో ఇంపాక్ట్ హైడ్రోపవర్ ఇన్‌స్టిట్యూట్ సామర్థ్యాన్ని చూసి కాకుండా నడవడిని చూసి ధ్రువపత్రం ఇస్తుంది. నీటి ప్రవాహం, నాణ్యత, చేపల రాకపోకలు, తీరప్రాంత రక్షణ, అంతరించే జాతులు, చారిత్రక స్థలాలు, ప్రజల విహారం వంటివి దాని కొలమానాలు. ఇవన్నీ పాటించిన పెద్ద కేంద్రానికి గుర్తింపు రావచ్చు, పాటించని చిన్నదానికి రాకపోవచ్చు. ఇప్పటికే ఉన్న కాలువ డ్రాపులు, ఆనకట్టల తూములు, తాగునీటి గొట్టాల వంటివాటి మీద పెట్టే కేంద్రాలకు కొత్తగా ఎండే వాగు ఉండదు గనుక వాటి వల్ల కలిగే హాని అన్నిటికన్నా తక్కువ.

నిధులు, ఆర్థిక స్వరూపం

జలవిద్యుత్తుకు ఇంధనపు ఖర్చు లేదు. ఖర్చంతా మొదట్లోనే పెట్టాలి. యంత్రాలు 35 ఏళ్లకు పైగా పనిచేసినా, అప్పు మాత్రం అంతకు చాలా ముందే తీరాలి. సాధారణంగా పెట్టుబడిలో 70 శాతం అప్పు, 30 శాతం సొంత వాటా. టారిఫ్ నిర్ణయంలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, హిమాలయ, ఈశాన్య రాష్ట్రాల చిన్న కేంద్రాలు తమ సామర్థ్యంలో ఏటా 45 శాతం, మిగతా రాష్ట్రాలవి 30 శాతం వినియోగంలోకి తెస్తాయని లెక్కలోకి తీసుకుంది. 30 శాతం చొప్పున ఒక మెగావాటు ఏడాదికి 26.28 లక్షల యూనిట్లు ఇస్తుంది. 45 శాతం చొప్పున 39.42 లక్షలు. ధరలో ఒక్క రూపాయి తేడా వస్తే మొదటి కేంద్రానికి ఏటా 26 లక్షల రూపాయలు పెరుగుతాయి, లేదా తగ్గుతాయి. బ్యాంకు అధికారి ముందుగా చూసేది నీటి కొలతల పట్టికను, కరెంటు కొనుగోలు ఒప్పందాన్ని.

1987లో ఏర్పడిన భారత పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ, ఇరెడా, ఈ రంగానికి తొలి ప్రత్యేక రుణదాత. దక్షిణాది కాలువ డ్రాపుల మీద మినీ హైడల్ అవకాశాలను 1990ల మొదట్లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం చేసింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. ఆ తర్వాత బ్యాంకు ఇచ్చిన రుణాన్ని ఇరెడా ప్రైవేటు ప్రాజెక్టులకు అందించింది. కేంద్ర ప్రభుత్వ రాయితీలు ఇందుకు తోడయ్యాయి. 2014 నాటి పథకంలో నీటి మరను బాగుచేసుకుంటే 50 వేల రూపాయలు, దానితో కరెంటు తీస్తే లక్షన్నర, 100 కిలోవాట్ల లోపు కేంద్రాలకు కిలోవాటుకు 1.25 లక్షలు ఇచ్చేవారు. మైదాన రాష్ట్రాలలో ప్రైవేటు కేంద్రానికి మెగావాటుకు కోటి రూపాయలు, గరిష్ఠంగా 5 కోట్లు.

కార్బన్ క్రెడిట్లు మరో ఆదాయమార్గం. క్యోటో ఒప్పందపు స్వచ్ఛాభివృద్ధి యంత్రాంగం కింద మొట్టమొదట 2005 అక్టోబరులో క్రెడిట్లు పొందినవి హోండురాస్‌లోని రెండు చిన్న జలవిద్యుత్ కేంద్రాలే. 2012 నాటికి వాటి ధరలు కుప్పకూలడంతో ఆ లెక్కల మీద కట్టుకున్న అంచనాలు తారుమారయ్యాయి. బ్రిటన్‌లో ఊరివారే వాటాలు కొని కేంద్రం కట్టుకునే పద్ధతి ఉంది. డెర్బీషైర్‌లోని న్యూ మిల్స్‌లో 2008లో ఇలా 63 కిలోవాట్ల ఆర్కిమిడీస్ మర పెట్టుకున్నారు. 2010లో వచ్చిన హామీ ధర అలాంటి సంఘాలకు ఊతమిచ్చింది. 2019 మార్చితో కొత్తవారికి అది ఆగిపోయింది.

తెలుగు రాష్ట్రాలలో

2016 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 409 మెగావాట్లకు, తెలంగాణలో 102 మెగావాట్లకు అవకాశం ఉంది. ఇందులో స్థాపించినవి వరసగా సుమారు 160, 90 మెగావాట్లు. తెలంగాణలో మంజీర మీద నిజాంసాగర్ 10, సింగూరు 15 మెగావాట్ల కేంద్రాలు, పాలేరు 2 మెగావాట్ల కేంద్రం, కాకతీయ కాలువ మీద పెద్దపల్లి మినీ హైడళ్లు ప్రభుత్వరంగంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పెన్నహోబిలం 20 మెగావాట్లు, నిడదవోలు దగ్గరి చెట్టిపేట ఒక మెగావాటు. సాగర్ కుడి కాలువ నుంచి చీలే గుంటూరు బ్రాంచి వంటి కాలువల డ్రాపుల మీద ప్రైవేటు కేంద్రాలు వచ్చాయి. కాలువ కేంద్రానికి ముంపు బాధ లేదు గాని, నీటి మీద అధికారమూ లేదు. ఆయకట్టుకు నీరు వదిలినప్పుడే అది తిరుగుతుంది; ఎగువన కరవు వస్తే పొలంతో పాటు టర్బైనూ ఎండుతుంది. రంపచోడవరం మన్యంలో గిరిజన మహిళా సంఘాలను యజమానులను చేసి వేటమామిడిలో కట్టిన మినీ హైడల్ వేరే దారి చూపింది.

ధర విషయంలో ఆంధ్రప్రదేశ్ అనుభవం దేశానికంతటికీ పాఠమైంది. యూనిట్‌కు 2.25 రూపాయలు, 1994–95 మూల సంవత్సరంగా ఏటా 5 శాతం పెంపు అనేది కేంద్ర ప్రభుత్వం 1993లో సూచించిన లెక్క. దాన్ని నమ్ముకుని పలువురు పెట్టుబడి పెట్టారు. 2004 మార్చిలో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా కొత్త ధరలు నిర్ణయించింది. ఉత్పత్తిదారులు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ధరను సమీక్షించే అధికారం మండలికి ఉందని 2010 జూలైలో సుప్రీంకోర్టు చెప్పి, ధరల నిర్ణయాన్ని తిరిగి మండలి విచారణకు పంపింది. వినియోగదారుడి బిల్లుకూ పెట్టుబడిదారుడి అప్పుకూ మధ్య ఈ తగువు అన్నేళ్లు సాగడంతో, కేంద్రాలు చాలా కాలం ఖాయమైన ధర తెలియకుండానే నడిచాయి.

నేపాల్, శ్రీలంక అనుభవాలు

నేపాల్‌లో 1960లలో ఏర్పడిన బాలాజు, బుట్వల్ వర్క్‌షాపుల్లో టర్బైన్ల తయారీ నేర్పారు. పిండిమర, వడ్లమర, నూనెగానుగ తిప్పుకునే మిల్లుదారులకు వ్యవసాయ బ్యాంకు అప్పులిచ్చింది. పగలు మర, రాత్రి దీపాలు కావడంతో ఆదాయం రెండువైపులా వచ్చి అప్పు తీరేది. 1984లో 100 కిలోవాట్ల లోపు కేంద్రాలకు లైసెన్సు తీసేశారు. దీపాలకే పరిమితమైన కేంద్రాలు మరమ్మతుల ఖర్చును కూడా తట్టుకోలేకపోయాయి.

శ్రీలంకలో 1997లో మొదలైన ప్రపంచ బ్యాంకు పథకం స్థానిక బ్యాంకుల ద్వారా రుణాలిచ్చింది. బేరమాడే పని లేకుండా, అందరికీ ఒకే నమూనా కొనుగోలు ఒప్పందం ఉండడం అక్కడి ప్రైవేటు మినీ హైడళ్ల పెరుగుదలకు ముఖ్య కారణం. మారుమూల ఊళ్లలో వినియోగదారుల సంఘాలే కేంద్రాలను కట్టుకుని నడిపాయి.

రెండు దేశాలలోనూ ప్రధాన గ్రిడ్ ఊరికి చేరగానే ఊరి కేంద్రాలు చాలావరకు మూలపడ్డాయి. దీనికి విరుగుడుగా నేపాల్ 2018లో నువాకోట్ జిల్లాలోని 23 కిలోవాట్ల స్యౌరేభూమి కేంద్రాన్ని గ్రిడ్‌కు కలిపి, మిగులు కరెంటు అమ్ముకునే వీలు కల్పించింది.

ప్రస్తుత స్థితి

ప్రపంచంలో 10 మెగావాట్ల లోపు కేంద్రాల మొత్తం సామర్థ్యం 2022 నివేదిక ప్రకారం సుమారు 79 గిగావాట్లు. అందులో పెద్ద వాటా చైనాది. సౌర విద్యుత్తు చవకైపోవడంతో కొత్త మినీ హైడళ్ల మీద మోజు తగ్గింది. సూర్యుడు కుంకాక వచ్చే కరెంటుకు విలువ పెరుగుతున్నందున, రాత్రి కూడా తిరిగే చిన్న కేంద్రాల పాత్ర పూర్తిగా పోలేదు. పాత కేంద్రాల్లో అరిగిన టర్బైన్లు, నియంత్రణ పరికరాలు మార్చడం, కాలువలు, తాగునీటి గొట్టాల వంటి ఉన్న కట్టడాల మీద యంత్రాలు పెట్టడం ప్రస్తుతం తక్కువ వివాదాలతో సాగే దారులు. కొత్త వాగును మళ్లించాలంటే ఆ నదీ పరీవాహకం మొత్తాన్ని కలిపి చూసే మదింపు ముందు జరగాలన్నది, 25 మెగావాట్ల మినహాయింపును ప్రశ్నిస్తున్న పర్యావరణవేత్తల ప్రధానమైన కోరిక.